పాఠశాల కనుగొన్న రహస్య రాకెట్టు కేంద్రము

1966 మార్చి 17వ తేదీన సోవియట్ యూనియన్ "కాస్మోస్ 112" అనే కృత్రిమ ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టినది. ఆ దేశపు వార్తాసంస్థ టాస్ ఎప్పటివలెనే ఒక చిన్న ప్రకటన వెలువరించినది. ఉపగ్రహము భూమిని ఒకసారి చుట్టి వచ్చుటకు ఎంత సేపు పట్టునో, భూమికి ఎంత దగ్గరగా వచ్చి ఎంత దూరము పోవునో, దాని కక్ష్య భూమధ్యరేఖకు ఎంత వాలుగా ఉన్నదో ఆ ప్రకటనలో ఉన్నవి. దానిని ఎక్కడి నుండి పంపారో, ఏ పనికి పంపారో మాత్రము లేదు.

ఇంగ్లండులో కెటరింగు అనే పట్టణమున్నది. అక్కడి గ్రామర్ స్కూలులో భౌతికశాస్త్రము బోధించే జెఫ్రీ పెర్రీ, ఆయన విద్యార్థులు ఆ ఉపగ్రహపు రేడియో సంకేతములను పట్టి, అది వచ్చిపోయే వేళలను వ్రాసుకున్నారు. లెక్క కుదరలేదు. అప్పటికి లోకమునకు తెలిసిన సోవియట్ ప్రయోగ కేంద్రములలో ఏ ఒక్కటీ ఆ కక్ష్యకు సరిపోలేదు. ఆ సంవత్సరము చివరకు వారు ఒక నిర్ణయమునకు వచ్చారు. సోవియట్ యూనియన్‌కు ఉత్తరాన, ఆర్ఖాంగెల్స్క్ ప్రాంతములో, ప్లెసెట్స్క్ అనే ఊరి దగ్గర ఎవరికీ చెప్పని మరొక రాకెట్టు కేంద్రమున్నది. ఆ కేంద్రమున్నదని సోవియట్ ప్రభుత్వము ఒప్పుకున్నది 1983లో. అనగా పదిహేడు సంవత్సరముల తరువాత.

ఉన్నత పాఠశాలలో నేర్పే డాప్లర్ సూత్రము, కెప్లర్ నియమము, భూమి ఆత్మభ్రమణము అనే మూడు పాఠములతోనే ఈ పని జరిగినది. సైన్యములు అంతరిక్షములో ఏమి చేస్తున్నవో సామాన్య ప్రజలు ఎంతవరకు తెలుసుకొనగలరు, ఎక్కడ ఆగిపోవలసి వచ్చును అనే ప్రశ్నకు ఈ కథలో సమాధానము దొరుకుతుంది.

సైన్యము అంతరిక్షమునకు వెళ్లిన దారి

1957 అక్టోబరు 4న మొదటి స్పుత్నిక్‌ను పైకి మోసిన రాకెట్టు శాస్త్ర పరిశోధన కొరకు పుట్టినది కాదు. ఖండాంతరమునకు అణ్వస్త్రమును విసరుటకు తయారుచేసిన ఆర్-7 అనే క్షిపణి అది. బాంబును మోసే వాహనమే ఉపగ్రహమునూ మోసినది. ఆ కారణమున అంతరిక్ష యుగము మొదలైన నాటి నుండి శాస్త్రము, సైన్యము ఒకే బండిలో ప్రయాణము చేశాయి.

సైన్యములకు అంతరిక్షములో మొదట కావలసినది ఆయుధము కాదు, కన్ను. శత్రుదేశము మీదుగా విమానమును పంపితే కూల్చివేయవచ్చును. 1960 మే 1న అమెరికా గూఢచారి విమానము యు-2 సోవియట్ భూభాగముపై కూలినది ఆ విధముగానే. ఆ విమానము ఆనాడు ఫోటోలు తీయవలసిన స్థలములలో ప్లెసెట్స్క్ కూడా ఉన్నది. అదే సంవత్సరము ఆగస్టులో అమెరికా ఒక ఉపగ్రహము నుండి ఫోటో ఫిల్మును తిరిగి భూమికి దింపగలిగినది. ఆ ఉపగ్రహమునకు బయటకు చెప్పిన పేరు "డిస్కవరర్". శాస్త్ర ప్రయోగముల కొరకు అన్నారు. అసలు పథకము పేరు "కరోనా". 1972 వరకు నడచి 8 లక్షలకు పైగా ఫోటోలు తీసిన ఈ పథకమును అమెరికా 1995లో గాని బయటపెట్టలేదు.

సోవియట్ యూనియన్ కూడా అదే దారి పట్టినది. మానవుని మోసిన వోస్టాక్ నౌకనే కొద్దిగా మార్చి, మనిషి స్థానములో కెమెరాలు అమర్చి, "జెనిత్" అనే ఫోటో ఉపగ్రహమును తయారుచేసినది. 1962 ఏప్రిల్‌లో విజయవంతముగా పనిచేసిన మొదటి జెనిత్‌కు ఇచ్చిన బహిరంగ నామము "కాస్మోస్ 4". కాస్మోస్ అనే పేరు ఒక పెద్ద గొడుగు వంటిది. ధూళి కణములను కొలిచే ఉపగ్రహము, వాతావరణమును చూచే ఉపగ్రహము, గూఢచారి ఉపగ్రహము అన్నీ ఆ గొడుగు క్రిందనే నడిచేవి.

ఇక్కడ రెండు మాటలను వేరుగా తెలుసుకొనవలెను. సైన్యము తన పనులకు ఉపగ్రహములను వాడుకొనుట "సైనిక వినియోగము". ఫోటోలు తీయుట, సందేశములు అందించుట, ఓడలకు దారి చూపుట ఇందులోనివి. అంతరిక్షములో ఆయుధములు నిలుపుట, లేదా అక్కడి వస్తువులను ధ్వంసము చేయు ఆయుధములు తయారుచేయుట "ఆయుధీకరణ". మొదటిది 1960 నుండి ఆగకుండా జరుగుతున్నది. రెండవదానిపైననే ప్రపంచము వాదించుకొనుచున్నది.

1962 జులై 9న అమెరికా పసిఫిక్ మహాసముద్రములోని జాన్‌స్టన్ దీవి మీద, 400 కిలోమీటర్ల ఎత్తున, 1.4 మెగాటన్నుల అణ్వస్త్రమును పేల్చినది. సుమారు 1,450 కిలోమీటర్ల దూరములోని హవాయి దీవులలో కొన్ని వీధి దీపములు ఆరిపోయినవి. విస్ఫోటములో పుట్టిన ఎలక్ట్రానులు భూమి అయస్కాంత క్షేత్రములో చిక్కుకొని నెలల తరబడి అక్కడే తిరిగి, బ్రిటను వారి మొదటి ఉపగ్రహము ఏరియల్-1ను, సమాచార ఉపగ్రహము టెల్‌స్టార్‌ను దెబ్బ తీసినవి. మరుసటి సంవత్సరమే అంతరిక్షములో అణుపరీక్షలను నిషేధించే ఒప్పందము కుదిరినది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందము మరొక అడుగు వేసి, అణ్వస్త్రములను గాని సామూహిక విధ్వంసము చేయు ఇతర ఆయుధములను గాని కక్ష్యలో ఉంచరాదని శాసించినది. అయితే గూఢచారి ఉపగ్రహములను గాని, మామూలు ఆయుధములను గాని అది నిషేధింపలేదు.

ఒప్పందము ఉన్నంత మాత్రమున చాలదు. ఎవరు ఏమి చేస్తున్నారో తెలిస్తేనే దానికి బలము వచ్చును. కెటరింగు పాఠశాల కథకు ప్రాముఖ్యము ఇందువలననే కలిగినది.

శబ్దము చెప్పిన లెక్క

కెటరింగు పాఠశాలలో రసాయనశాస్త్రము చెప్పే డెరిక్ స్లేటర్‌కు రేడియో పరికరములంటే ఆసక్తి. 1960 మేలో ప్రయోగించిన స్పుత్నిక్-4 సంకేతములను ఆయన తన రేడియోలో పట్టారు. విద్యార్థులకు డాప్లర్ సూత్రమును ప్రత్యక్షముగా చూపుటకు ఇంతకంటె మంచి సాధనము దొరకదని పెర్రీకి తోచినది. మొదట అది తరగతి గదిలో ఒక పాఠము మాత్రమే. క్రమముగా ప్రతి దినము చేసే పని అయినది.

డాప్లర్ సూత్రము రైలు కూతతో అందరికీ పరిచయమే. రైలు దగ్గరకు వస్తున్నప్పుడు కూత సన్నగా, దాటిపోయిన తరువాత బొంగురుగా వినబడును. రేడియో తరంగముల విషయములోను అంతే. ఉపగ్రహము దగ్గరకు వచ్చునప్పుడు పౌనఃపున్యము కొంచెము హెచ్చుగా, దూరమగునప్పుడు కొంచెము తక్కువగా అందును.

ఆ హెచ్చుతగ్గు ఎంత? జెనిత్ ఉపగ్రహములు 20 మెగాహెర్ట్జుల సమీపమున సంకేతములు పంపేవి. ఉపగ్రహపు వేగము సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్లు, కాంతి వేగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. 7.8ని 3 లక్షలతో భాగించి 2 కోట్లతో గుణిస్తే 520 వచ్చును. అనగా మార్పు ఎంత హెచ్చుగా ఉన్నను ఐదువందల హెర్ట్జుల చిల్లర. 2 కోట్లలో 500 చాల స్వల్పము. కాని రేడియోలో స్థిరమైన మరొక కంపనమును దానితో కలిపితే, ఆ రెండింటి భేదము చెవికి వినబడే ఈలగా మారుతుంది. ఉపగ్రహము వచ్చిపోవుచుండగా ఆ ఈల స్థాయి మెల్లమెల్లగా దిగి, ఒక క్షణమున చురుకుగా జారి, మరల మెల్లగా దిగును. అన్నిటికంటె చురుకుగా జారిన ఆ క్షణమే ఉపగ్రహము శ్రోతకు అత్యంత సమీపమున ఉన్న క్షణము. గడియారము చూచి దానిని వ్రాసుకొనుటయే విద్యార్థుల పని.

ఇటువంటి క్షణములు కొన్ని చేతిలో ఉంటే, వాటి మధ్య కాలమును బట్టి ఉపగ్రహపు ఆవర్తన కాలము తేలుతుంది. నాలుగైదు దినముల పరిశీలనలను తీసుకొని, మధ్యలో జరిగిన ప్రదక్షిణముల సంఖ్యతో భాగిస్తే తప్పు మరింత తగ్గుతుంది. గడియారములో నాలుగు సెకనుల పొరపాటు ఉన్నా, అది అరవై ప్రదక్షిణముల మీద పంచబడితే సెకనులో పదిహేనవ వంతుకు దిగిపోవును. ఖరీదైన పరికరముల లోటును ఓపిక తీర్చిన విధము ఇది.

ఆవర్తన కాలము తెలిస్తే ఎత్తు తెలియును. కాలపు వర్గము దూరపు ఘనమునకు అనులోమానుపాతములో ఉండునని కెప్లర్ నియమము. చంద్రుడు భూమిని 27.32 దినములలో చుట్టివచ్చును. సగటు దూరము 3,84,400 కిలోమీటర్లు. ఒక ఉపగ్రహము 90 నిమిషములలో చుట్టివచ్చుచున్నదనుకొందము. చంద్రుని కాలము దానికి 437 రెట్లు. 437 వర్గము 1,90,969. దాని ఘనమూలము సుమారు 57.6. కాబట్టి ఉపగ్రహము భూకేంద్రమునకు 3,84,400లో 57.6వ వంతు, అనగా సుమారు 6,670 కిలోమీటర్ల దూరములో ఉండవలెను. భూమి వ్యాసార్థము 6,370 తీసివేస్తే మిగిలినది సుమారు 300 కిలోమీటర్లు. పదవ తరగతి విద్యార్థి కాగితముపై చేయగల లెక్క ఇది. అమెరికా ఉపగ్రహమైనా, రష్యా ఉపగ్రహమైనా ఈ లెక్కను తప్పించుకొనలేదు.

వాలు ఒక్కటే చాలదు

ఉపగ్రహ కక్ష్య భూకేంద్రము గుండా పోయే ఒక సమతలములో ఉంటుంది. ఒక బత్తాయి పండుకు రబ్బరు పట్టీని ఏటవాలుగా తొడిగినట్లు ఊహించుకొనవచ్చును. పట్టీ పండు నడుమును ఖండించే కోణమే కక్ష్య వాలు. వాలు 65 డిగ్రీలైతే ఉపగ్రహము 65 డిగ్రీల ఉత్తర అక్షాంశము నుండి 65 డిగ్రీల దక్షిణ అక్షాంశము వరకు పోయి వచ్చును. అంతకు మించి పోదు.

ప్రయోగించిన స్థలము ఆ సమతలములో తప్పక ఉండవలెను. అందుచేత రాకెట్టు మధ్యలో దారి మళ్లకపోతే, వాలు ఆ స్థలపు అక్షాంశము కంటె తక్కువ కాజాలదు. శ్రీహరికోట 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నది గనుక అక్కడి నుండి నేరుగా పంపిన ఉపగ్రహపు వాలు 13.7 డిగ్రీలకు తగ్గదు. తక్కువ కాజాలదు గాని ఎక్కువ కావచ్చును. ధ్రువముల మీదుగా పోయే ఉపగ్రహములను కూడ శ్రీహరికోట నుండి పంపుతున్నారు.

1966 వరకు సోవియట్ ఉపగ్రహములలో కొన్ని 49 డిగ్రీల వాలుతో ఓల్గా నది ప్రాంతములోని కపూస్తిన్ యార్ నుండి, ఎక్కువ భాగము 52 లేక 65 డిగ్రీల వాలుతో కజక్‌స్తాన్‌లోని బైకనూరు నుండి వెళ్లేవి. బైకనూరు పేరులోను దాపరికమున్నది. అసలు కేంద్రము త్యూరతాం అనే రైల్వే స్టేషను దగ్గరిది. సోవియట్ అధికారులు దానికి 300 కిలోమీటర్లకు పైగా దూరములోని ఒక చిన్న ఊరి పేరు పెట్టారు.

కాస్మోస్ 112 వాలు 72 డిగ్రీలు. ఇది కొత్త. అయినను కొత్త వాలు ఒక్కటే కొత్త కేంద్రమునకు రుజువు కాదు. బైకనూరు అక్షాంశము 46 డిగ్రీలు మాత్రమే. అక్కడి నుండి 72 డిగ్రీల వాలుతో పంపుటకు ప్రకృతి నియమమేదీ అడ్డు రాదు. తొందరపడి తీర్పు చెప్పకుండా వేళలను పరీక్షించుటలోనే కెటరింగు వారి శాస్త్రీయ దృష్టి కనబడుతుంది.

రెండు గీతలు కలిసిన చోటు

ఉపగ్రహము తిరిగే సమతలము నక్షత్రముల దృష్ట్యా దాదాపు కదలదు. దాని లోపల భూమి పడమర నుండి తూర్పునకు తిరుగును. 90 నిమిషములలో భూమి ఇరవై రెండున్నర డిగ్రీలు తిరుగుతుంది. అందువలన ఒక్కొక్క ప్రదక్షిణమునకు ఉపగ్రహము భూమి మీద గీసే జాడ అంతకంతకు పడమరకు జరిగిపోవును. భూమధ్యరేఖ వద్ద ఈ జరుగుడు సుమారు 2,500 కిలోమీటర్లు.

ముందుకు లెక్క కట్టినట్లే వెనుకకూ కట్టవచ్చును. ఈ దినము ఇంగ్లండు మీదుగా పోయిన ఉపగ్రహము నిన్న ఏ వేళకు ఎక్కడ ఉన్నది, దానికి ముందు ప్రదక్షిణములో ఎక్కడ ఉన్నది అని వెనుకకు నడుచుకుంటూ పోతే మొదటి ప్రదక్షిణపు జాడ దొరుకుతుంది. ప్రయోగ కేంద్రము ఆ జాడ మీద ఎక్కడో ఒక చోట ఉండి తీరవలెను. కాస్మోస్ 112 జాడ బైకనూరు మీదుగా పోలేదు. అక్కడి నుండి బయలుదేరి ఉంటే ఉపగ్రహము ఇంగ్లండు ఆకాశములోనికి వేరొక వేళకు రావలసి ఉండును.

అయితే ఒక గీత మీద స్థలములు అనేకము. ఒకే వాలుతో మరొక ఉపగ్రహము వచ్చినా అదే గీత మరల గీసినట్లగును. వేరొక వాలుతో ఉపగ్రహము రావలెను. అక్టోబరు 14న కాస్మోస్ 129 వెళ్లినది. దాని వాలు 65 డిగ్రీలు. దాని మొదటి జాడ కూడ బైకనూరుకు సరిపోలేదు. పటము మీద రెండు జాడలు గీస్తే, ఒకటి ఈశాన్య దిక్కుగా, రెండవది మరికొంత తూర్పునకు వాలి పోవుచు, సుమారు 63 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 41 డిగ్రీల తూర్పు రేఖాంశము వద్ద ఒకదానినొకటి ఖండించుకొన్నవి. రెండు కాలిబాటలు కలిసిన చోట ఇల్లున్నట్లు, అక్కడ ప్లెసెట్స్క్ ఉన్నది. అడవుల నడుమ, రైలు మార్గము ప్రక్కన, మాస్కోకు ఉత్తరముగా సుమారు 800 కిలోమీటర్ల దూరములోని చిన్న పట్టణము.

ఆ కేంద్రము నిర్మాణము 1957లోనే ఖండాంతర క్షిపణుల స్థావరముగా మొదలైనది. తరువాతి కాలములో ప్రపంచములో మరే కేంద్రము నుండి పోనన్ని ప్రయోగములు ఒక దశలో అక్కడి నుండి జరిగినవి. వాటిలో ఎక్కువ భాగము సైనిక ఉపగ్రహములు.

దాపరికము ఎవరి నుండి

అమెరికా గూఢచారి శాఖకు ప్లెసెట్స్క్‌పై 1950ల చివరి నుండియే అనుమానమున్నది. సోవియట్ సైన్యమునకు తన కేంద్రము తనకు తెలియనే తెలియును. తెలియనివారు ఉభయ దేశముల ప్రజలు మాత్రమే. శత్రువునకు తెలిసిన రహస్యమును ఒక దేశము, తాను తెలుసుకొన్న సంగతిని మరొక దేశము ప్రజలకు చెప్పకుండ దాచినవి. ఒక పాఠశాల చేసిన లెక్క ఆ రెండు తెరలనూ ఒకేసారి తొలగించినది.

ఈ దాపరికమునకు మూల్యము చెల్లించినవారున్నారు. 1980 మార్చి 18న ప్లెసెట్స్క్‌లో ఒక రాకెట్టుకు ఇంధనము నింపుచుండగా విస్ఫోటము జరిగి 48 మంది మరణించారు. అధికారికముగా లేని కేంద్రములో ప్రమాదము కూడ లేనట్లే అయినది. చాల సంవత్సరముల తరువాత, సోవియట్ పత్రికలకు కొంత స్వేచ్ఛ వచ్చిన కాలమున గాని ఆ వార్త ప్రజలకు చేరలేదు.

1978 జనవరి 24న కాస్మోస్ 954 అనే ఉపగ్రహము కెనడా ఉత్తర భాగములో కూలినది. సముద్రము మీద యుద్ధనౌకలను రాడారుతో వెదకే ఆ ఉపగ్రహములో యురేనియముతో నడిచే అణు రియాక్టరు ఉన్నది. రేడియోధార్మిక శకలములు మంచు మీద విస్తారమైన ప్రాంతములో చెల్లాచెదరైనవి. 1972 నాటి నష్టపరిహార ఒప్పందమును అనుసరించి కెనడా 60 లక్షల డాలర్లు కోరినది. 1981లో సోవియట్ యూనియన్ 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించుటకు ఒప్పుకున్నది. తల మీదుగా ఏమి తిరుగుచున్నదో తెలుసుకొను హక్కు ప్రజలకు ఎందుకు కావలెనో చెప్పుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

తెలియునది, తెలియనిది

కక్ష్యను లెక్కించుట ఒక ఎత్తు. ఉద్దేశమును గ్రహించుట మరొక ఎత్తు. మొదటిదానిలో నిశ్చయమున్నది. రెండవదానిలో ఊహ కలుస్తుంది.

కొన్నిసార్లు కదలికయే ఉద్దేశమును పట్టి ఇచ్చును. 1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధము జరుగుచుండగా సోవియట్ యూనియన్ ఫోటో ఉపగ్రహములను వెంటవెంటనే ప్రయోగించి, కొన్నింటిని మామూలు గడువు కంటె ముందుగానే దింపినది. ఫిల్ము తొందరగా చేతికి రావలెనన్న ఆత్రము ఆ తేదీలలోనే కనబడుతుంది. 1968లో కాస్మోస్ 248ను కక్ష్యలో పెట్టిన మరునాడు కాస్మోస్ 249ను, కొద్ది దినములకు కాస్మోస్ 252ను దాని సమీపమునకు పంపారు. ఆ రెండును దానిని సమీపించిన పిమ్మట ముక్కలైనవి. ఉపగ్రహమును ఉపగ్రహముతో పడగొట్టే ప్రయోగములు ఆరంభమైనవని బయటివారు ఆ ముక్కలను లెక్కించి గ్రహించారు.

కొన్నిసార్లు కదలిక తెలిసినా అర్థము తెలియదు. 2019 నవంబరులో రష్యా ప్లెసెట్స్క్ నుండి కాస్మోస్ 2542ను పంపినది. మరుసటి సంవత్సరము జనవరిలో అది ఒక అమెరికా గూఢచారి ఉపగ్రహము వెంట పడినట్లు తమ ఇండ్ల వద్ద నుండి దూరదర్శినులతో చూచే ఔత్సాహికులు పసిగట్టి ప్రకటించారు. మరొక ఉపగ్రహము దగ్గరకు చేరుట పరిశీలన కొరకు కావచ్చును, మరమ్మతు కొరకు కావచ్చును, దాడికి సాధన కావచ్చును. మూడింటికీ కక్ష్య లెక్కలు ఒకటే. కత్తి చేత పట్టినవాడు వైద్యుడో దొంగయో కత్తిని చూచి చెప్పలేము.

1976లో అమలులోనికి వచ్చిన నమోదు ఒప్పందము ప్రకారము ప్రతి దేశము తన ఉపగ్రహపు ప్రయోగ తేదీ, స్థలము, కక్ష్య వివరములు, సాధారణమైన పని ఏమో ఐక్యరాజ్యసమితికి తెలుపవలెను. వీటిలో స్థలము, పని అనునవి కాస్మోస్ 112 నాటి ప్రకటనలో లోపించినవి. కాని "సాధారణమైన పని" అను చోట దేశములు ఎంత క్లుప్తముగా వ్రాసినా ఒప్పందమునకు భంగము లేదు. అందువలన బయటివారి పరిశీలనకు నేటికీ పని తీరలేదు. 2010 ఏప్రిల్‌లో అమెరికా వాయుసేన ఎక్స్-37బి అనే మానవరహిత నౌకను ప్రయోగించి దాని కక్ష్యను చెప్పకపోతే, ఒక నెల లోపుననే ఔత్సాహిక పరిశీలకులు కనిపెట్టి లోకమునకు తెలిపారు. దాపరికము ఒక దేశమునకే పరిమితమైన అలవాటు కాదు. దానిని ఛేదించే లెక్కలు కూడ పక్షపాతము ఎరుగవు.

ముక్కలకు జెండా లేదు

ఈ పరిశీలన నేడు మరింత అవసరమైనది. ఉపగ్రహములను క్షిపణితో కొట్టే పరీక్షలు ఇప్పటికి నాలుగు దేశములు చేసినవి. 1985లో అమెరికా ఒక విమానము నుండి క్షిపణి వదలి తన ఉపగ్రహమునే పగులగొట్టినది; 2008లో మరొకదానిని ఓడ నుండి కొట్టినది. 2007 జనవరి 11న చైనా సుమారు 865 కిలోమీటర్ల ఎత్తున తన పాత వాతావరణ ఉపగ్రహమును పేల్చగా, రాడారుకు చిక్కేటంత పెద్ద ముక్కలే మూడు వేలకు పైగా ఏర్పడినవి. ఆ ఎత్తున గాలి లేనట్లే గనుక అనేక శకలములు దశాబ్దముల తరబడి తిరుగుచునే ఉండును.

భారతదేశము 2019 మార్చి 27న "మిషన్ శక్తి" అనే పరీక్ష జరిపినది. లక్ష్యమైన ఉపగ్రహము అదే సంవత్సరము జనవరి 24న శ్రీహరికోట నుండి వెళ్లినది. దానిని కొట్టిన క్షిపణి ఒడిశా తీరములోని అబ్దుల్ కలాం దీవి నుండి లేచినది. ఆ పనిలో హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాలలకు ముఖ్యపాత్ర ఉన్నది. శకలములు త్వరగా గాలిలో పడి కాలిపోవలెనని సుమారు 300 కిలోమీటర్ల తక్కువ ఎత్తును ఎన్నుకొన్నారు. ఎక్కువ భాగము అట్లే కాలిపోయినవి. కాని తాకిడి వేగమునకు కొన్ని ముక్కలు పైకి ఎగిరి, పొడుగైన కక్ష్యలలో పడి, సంవత్సరమునకు పైగా నిలిచినవి. ఎక్కడ కొట్టవలెనో నిర్ణయించుట మనిషి చేతిలో ఉన్నది; ముక్కలు ఎక్కడికి పోవలెనో నిర్ణయించుట లేదు.

2021 నవంబరు 15న రష్యా తన పాత ఉపగ్రహము కాస్మోస్ 1408ని పగులగొట్టినది. ఏర్పడిన పెద్ద శకలములు 1,500కు పైగా. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రములోని వ్యోమగాములు, వారిలో రష్యా వారితో సహా, ప్రమాద భయముతో తమ నౌకలలో తలదాచుకొన్నారు. ఆ క్షిపణి లేచిన చోటు ప్లెసెట్స్క్. 1982లో ఆ ఉపగ్రహమును పంపినదీ అక్కడి నుండియే.

చిన్న ముక్కకు అంత భయమెందుకు? ఒక గ్రాము బరువుగల లోహపు తునక సెకనుకు 10 కిలోమీటర్ల వేగముతో తాకితే దాని గతిజశక్తి 50,000 జౌళ్లు. వేయి కిలోగ్రాముల కారు గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నప్పుడు దానికి ఉండే శక్తి కూడ సరిగా అంతే. ఆ తునకకు ఏ దేశపు జెండా ఉండదు. రైతుకు తుఫాను వార్త తెచ్చే ఉపగ్రహమును, జాలరికి దారి చూపే ఉపగ్రహమును, సైనికుని ఉపగ్రహమును అది ఒకే విధముగా కొట్టును.

2022 ఏప్రిల్‌లో అమెరికా ఇటువంటి విధ్వంసక పరీక్షలు ఇకపై చేయనని ప్రకటించినది. ఆ సంవత్సరము డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఇతర దేశములు కూడ అట్లే మాట ఇవ్వవలెనని కోరుతూ తీర్మానము చేసినది. కాని తీర్మానము చట్టము కాదు. చట్టము చేయవలెనన్నా, చేసిన చట్టము అమలగుచున్నదో లేదో చూడవలెనన్నా, ఆకాశమును గమనించు కన్నులు అనేకము కావలెను. అవి ప్రభుత్వముల కన్నులు మాత్రమే అయితే, చూచినది చెప్పుట వారి ఇష్టము మీద ఆధారపడును.

పాఠము

కెటరింగు బృందము ప్లెసెట్స్క్‌తో ఆగిపోలేదు. అనేక సంవత్సరములు పరిశీలనలు సాగించినది. తరువాత వివిధ దేశముల ఔత్సాహికులు అందులో చేరారు. పెర్రీకి 1973లో బ్రిటిషు ప్రభుత్వ గౌరవము లభించినది. ఆయన 2000లో మరణించారు. ఆయన బోధించిన పాఠము మాత్రము ప్రతి సంవత్సరము ప్రతి పాఠశాలలోను జరుగుచున్నదే.

నేటి ఉపగ్రహములు 1966 నాటి వలె తేలికగా వినబడవు. సంకేతములు గుప్తలిపిలో ఉండును. ఉపగ్రహములు ఇష్టము వచ్చినట్లు కక్ష్య మార్చుకొనగలవు. కాని సూర్యాస్తమయమైన కొద్దిసేపటికి నేల చీకటిలోను, పైనున్న ఉపగ్రహము ఎండలోను ఉండును. నక్షత్రముల మధ్య జారిపోయే ఆ చుక్కను పల్లెటూరి పాఠశాల ఆవరణ నుండి కూడ చూడవచ్చును. అది ఏ నక్షత్రము ప్రక్కగా ఏ సెకనుకు పోయినదో వ్రాసుకొని, మరునాటి వేళతో పోల్చి, ఆవర్తన కాలమును లెక్క కట్టి, కెప్లర్ నియమముతో ఎత్తును తేల్చుట విద్యార్థులు ఒక వారములో చేయగల పని. ఆ లెక్క తప్పినప్పుడు దానిని కొట్టివేయక, ఎందుకు తప్పినదో వెదకుట నేర్పవలసినవారు ఉపాధ్యాయులు. ప్లెసెట్స్క్ బయటపడినది సరిపోయిన లెక్కల వలన కాదు, సరిపోని ఒక్క లెక్కను వదలిపెట్టకపోవుట వలన.